లాగిన్ అవ్వడం లేదా? మూడోసారి పాస్‌వర్డ్ కొట్టేముందు ఇవి చూడండి: ఒడిశా సరిహద్దు తెలుగువాళ్ల కోసం

రాయగడలోనో గుణుపురంలోనో పర్లాకిమిడిలోనో ఉండే తెలుగు ఇంటికి ఒక్క నెలలో ఎన్ని సైట్లతో పని పడుతుందో లెక్కేసుకోండి. అమ్మాయి ప్లస్ టూ సీటుకు ఒడిశా వాళ్ల శామ్స్. అబ్బాయి ఇంజినీరింగ్‌కు ఆంధ్రా వాళ్ల ఈఏపీసెట్. పాతపట్నం వైపు పొలానికి మీభూమి, ఇటు పక్క భూమికి భూలేఖ్. ఇవి కాక పీఎఫ్, రైలు టికెట్టు, బ్యాంకు, డిజిలాకర్. ఒకటి ఒడియాలో తెరుచుకుంటుంది, ఇంకొకటి తెలుగులో, మిగతావి ఇంగ్లీషులో. ఓటీపీ ఒకసారి ఒడిశా సిమ్‌కు వస్తుంది, ఒకసారి ఆంధ్రా సిమ్‌కు. అందుకే ఇక్కడ లాగిన్ ఇబ్బందులు నడిమధ్య జిల్లాల వాళ్లకంటే నాలుగు ఎక్కువే ఉంటాయి.

లాగిన్ అవ్వనప్పుడు ఎక్కువమంది అదే పాస్‌వర్డ్‌ను మళ్లీ మళ్లీ కొడతారు. అదీ కాకపోతే ‘ఫర్‌గాట్ పాస్‌వర్డ్’ నొక్కేస్తారు. ఈ రెండూ ఆఖర్న చెయ్యాల్సిన పనులు. కొన్ని బ్యాంకుల్లో మూడు తప్పులకే ఆ రోజుకు ఖాతాకు తాళం పడుతుంది. రెండుసార్లు కాదంటే కీబోర్డు మీంచి చెయ్యి తీసేయండి. తప్పు బ్రౌజర్‌దా, గడియారానిదా, కీబోర్డుదా, సిగ్నల్‌దా, ఆధార్‌లో ఉన్న పేరుదా, లేక సైటే పడిపోయిందా అన్నది తేలాకే మూడోసారి ముట్టుకోండి.

ఏ బ్రౌజర్ పెట్టుకోవాలి

మా సలహా ఒక్కటే: రెండు పెట్టుకోండి, ఆ రెండూ వేరువేరు ఇంజిన్లవి (పేజీని తెర మీద చూపించే లోపలి పునాది) అయ్యుండాలి. మొదటిది క్రోమ్ కానీ ఎడ్జ్ కానీ. మన ప్రభుత్వ సైట్లు చాలావరకు క్రోమ్‌లో పని చేసేలా చూసుకుని పెట్టినవే. రెండోది ఫైర్‌ఫాక్స్. క్రోమ్, ఎడ్జ్, బ్రేవ్, ఒపేరా ఇవన్నీ క్రోమియం అనే ఒకే పునాది మీద కట్టినవి. ఎడ్జ్ 2020 జనవరి నుంచి ఆ పునాదికి మారింది. కాబట్టి క్రోమ్‌లో విరిగిన పేజీ ఎడ్జ్‌లోనూ విరగడానికే అవకాశం ఎక్కువ. ఫైర్‌ఫాక్స్ పునాది వేరు, సైట్ల భద్రతా సర్టిఫికెట్లను సరిచూసుకునే జాబితా కూడా దాని సొంతం. కొన్ని పాత ఆండ్రాయిడ్ ఫోన్లలో ఈ తేడాయే పని కాపాడుతుంది. ఐఫోన్‌లో మాత్రం ఈ లెక్క పనికిరాదు. మన దేశంలో ఐఫోన్ మీద ఏ బ్రౌజర్ వేసుకున్నా లోపల ఉండేది సఫారీ ఇంజినే.

బ్రౌజర్ పేరుకంటే దాని వయసు ముఖ్యం. విండోస్ 7, 8 ఉన్న కంప్యూటర్లలో క్రోమ్ 109 దగ్గర ఆగిపోయింది. 110 నుంచి విండోస్ 10 ఉండాల్సిందే. ఫైర్‌ఫాక్స్‌కు ఆ పాత విండోస్‌ల మీద చివరి మెట్టు 115 ఈఎస్‌ఆర్ (ఎక్కువకాలం భద్రతా మార్పులు అందే కూర్పు). ఫోన్‌లో అయితే ఆండ్రాయిడ్ 8, 9 వాళ్లకు క్రోమ్ 138తో ఆఖరు, 139 నుంచి ఆండ్రాయిడ్ 10 కావాలి. ఆండ్రాయిడ్ 7.1 కంటే పాత ఫోన్లలో ఇంకో చిక్కు ఉంది. చాలా సైట్లు లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఇచ్చే ఉచిత సర్టిఫికెట్లు వాడతాయి. ఆ ఫోన్లకు ఆ సంస్థ మూల సర్టిఫికెట్ తెలియదు. దాన్ని నెట్టుకొస్తూ వచ్చిన పాత ఏర్పాటు 2024 సెప్టెంబరు 30తో ముగిసింది. ఆ తరువాత మంచి సైటుకు కూడా ఎర్ర హెచ్చరిక కనబడుతుంది. అలాంటి ఫోన్‌తో కుస్తీ పట్టి లాభం లేదు, లాగిన్‌కు ఇంకో ఫోన్ తీసుకోండి.

షాపుల్లో ఇంకా విండోస్ 7 పెట్టుకున్నవాళ్లకు ఒక మాట. కొత్త మెషీన్ కొనలేకపోతే అదే కంప్యూటర్‌లో విండోస్ బదులు లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ వేసుకోవచ్చు. 4 జీబీ ర్యామ్ ఉంటే హాయిగా నడుస్తుంది, తాజా ఫైర్‌ఫాక్స్ వస్తుంది. ప్రింటరు, వేలిముద్ర పరికరం దాని మీద పని చేస్తాయో లేదో మాత్రం ముందు పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి చూసుకోవాలి. వేలిముద్ర పరికరాల డ్రైవర్లు చాలావరకు విండోస్‌కే ఉంటాయి.

వద్దనేవి కూడా చెప్పాలి. యూసీ బ్రౌజర్‌ను 2020 జూన్ 29న కేంద్రం నిషేధించింది. ఎవరో షేర్ చేసిన ఫైల్ నుంచి ఎక్కించుకుని వాడుతుంటే తీసేయండి. ఒపేరా మినీ డేటా పొదుపులో ఘనమే, కానీ ఎక్కువ పొదుపు మోడ్‌లో పేజీ ముందు ఒపేరా సర్వర్‌కు వెళ్లి అక్కడ కుదించుకుని మీ దగ్గరికి వస్తుంది. వార్తలకు అది బాగానే ఉంటుంది కానీ బ్యాంకుకు, ఓటీపీ పేజీకి పనికిరాదు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 2022 జూన్ 15తో రిటైరైంది. ఏదైనా పాత ఆఫీసు సైటు అదే కావాలని పట్టుబడితే ఎడ్జ్ సెట్టింగుల్లో ‘డిఫాల్ట్ బ్రౌజర్’ కింద ఐఈ మోడ్ ఉంటుంది, ఆ ఒక్క సైటుకు మాత్రం వాడుకోండి.

ఇంకొకటి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, టెలిగ్రామ్‌లలో లింకు నొక్కితే తెరుచుకునేది మీ బ్రౌజర్ కాదు, ఆ యాప్ లోపలి చిన్న కిటికీ. అందులో మీరు దాచుకున్న పాస్‌వర్డ్‌లు ఉండవు, కుకీలు (మిమ్మల్ని గుర్తుపట్టడానికి సైటు ఇచ్చే చీటీలు) వేరు. గూగుల్ ఖాతాతో లాగిన్ అయితే అలాంటి కిటికీలను గూగులే అడ్డుకుని ‘దిస్ బ్రౌజర్ ఆర్ యాప్ మే నాట్ బి సెక్యూర్’ అంటుంది. పైనున్న మూడు చుక్కలు నొక్కి ‘ఓపెన్ ఇన్ బ్రౌజర్’ ఎంచుకుంటే అక్కడితో సరి.

తప్పు ఎక్కడుందో తేల్చే పరీక్ష

ముందు ఇన్‌కాగ్నిటో కిటికీ తెరవండి. క్రోమ్, ఎడ్జ్‌లలో కంట్రోల్, షిఫ్ట్, ఎన్ మూడూ కలిపి నొక్కాలి. ఫైర్‌ఫాక్స్‌లో ఎన్ బదులు పి. ఫోన్‌లో మూడు చుక్కల మెనూలో దొరుకుతుంది. అందులో లాగిన్ అయితే మీ వివరాలు సరైనవే, సైటు బాగానే ఉంది. తప్పు పాత కుకీలదో, బ్రౌజర్‌కు అదనంగా తగిలించుకున్న ఎక్స్‌టెన్షన్‌దో. ఇన్‌కాగ్నిటోలో ఎక్స్‌టెన్షన్లు మామూలుగా పని చెయ్యవు, పాత కుకీలు ఉండవు.

అందులోనూ కాకపోతే నెట్ మార్చండి. వైఫై మీద ఉంటే మొబైల్ డేటాకు, డేటా మీద ఉంటే పక్కవాళ్ల హాట్‌స్పాట్‌కు. మారగానే అయిందంటే మీ లైన్‌లోనే ఉంది చిక్కు. ఫోన్‌లో వీపీఎన్ ఆన్‌లో ఉందేమో, ప్రకటనలు రాకుండా ‘ప్రైవేట్ డీఎన్‌ఎస్’లో ఏదైనా పేరు పెట్టారేమో చూడండి. కొన్ని ప్రభుత్వ సైట్లు విదేశీ చిరునామాల నుంచి వచ్చేవాళ్లను లోపలికే రానివ్వవు. వీపీఎన్ వల్ల మీరు సింగపూర్‌లో ఉన్నట్టు కనబడితే 403 అని మొహం మీదే తలుపు వేస్తాయి.

అదీ కాకపోతే ఫైర్‌ఫాక్స్‌లో చూడండి. మూడింట్లోనూ ఒకే తప్పు వస్తే రెండే దారులు మిగిలాయి: సైటు పడిపోయి ఉండాలి, లేదా మీరు ఇస్తున్న వివరం తప్పయ్యుండాలి. తెర మీద 500, 502, 503, 504 కనబడితే సైటు వాళ్ల బాధే. ఫలితాల రోజున, దరఖాస్తు ఆఖరి సాయంత్రం ఇవి మామూలు. రాత్రి 11 తరువాతో తెల్లవారుజామునో వెళ్తే ఆ ఇబ్బంది పోతుంది. 429 వస్తే తక్కువ సేపట్లో ఎక్కువసార్లు నొక్కారని అర్థం. అరగంట వదిలేయండి, నొక్కేకొద్దీ అది ఇంకా సాగుతుంది. 400తో పాటు ‘కుకీ టూ లార్జ్’ అని ఉంటే మందు కింద ఉంది.

ఇన్‌కాగ్నిటో పరీక్షకు ఒక మినహాయింపు. అందులో క్రోమ్ థర్డ్ పార్టీ కుకీలను మామూలుగానే ఆపేస్తుంది. ఒక సైటు పేజీ మధ్యలోనే ఇంకో సైటు పెట్టె తెరుచుకుని అక్కడ లాగిన్ అడిగే చోట ఇన్‌కాగ్నిటోలోనే పని చెడుతుంది. అలాంటి చోట మామూలు కిటికీలోనే తేల్చుకోవాలి.

కుకీలు తీయాలి, అన్నీ కాదు

మీరు లోపలికి వెళ్లగానే సైటు మీ బ్రౌజర్ చేతిలో ఒక చీటీ పెడుతుంది, అదే కుకీ. ప్రతి పేజీలో ఆ చీటీ చూపిస్తేనే మీరెవరో దానికి తెలుస్తుంది. చీటీ పాతబడినా, రెండు చీటీలు కలగాపులగం అయినా సైటు తికమక పడి మిమ్మల్ని తిరిగి లాగిన్ పేజీకే తోసేస్తుంది. ‘సెషన్ ఎక్స్‌పైర్డ్’ అంటే ఇదే. ఒకే సైటును రెండు ట్యాబుల్లో తెరవడం, బ్రౌజర్ బ్యాక్ బాణం నొక్కడం, లాగౌట్ చెయ్యకుండా కిటికీ మూసి మళ్లీ రావడం వల్లే ఎక్కువగా వస్తుంది. బ్యాంకు సైట్లు ఈ విషయంలో మరీ గట్టి. ‘ఆల్రెడీ లాగ్డ్ ఇన్’ అంటే పాత సెషన్ దానంతటది చచ్చేదాకా పది, పదిహేను నిమిషాలు ఆగడమే.

మందు: ఆ ఒక్క సైటు కుకీలు తీసేయడం. క్రోమ్‌లో సైటు తెరిచి, చిరునామా పట్టీకి ఎడమ చివర రెండు చిన్న గీతల బొమ్మ నొక్కండి. ‘కుకీస్ అండ్ సైట్ డేటా’, ఆ తరువాత ‘మేనేజ్ ఆన్ డివైస్ సైట్ డేటా’, అక్కడ చెత్తబుట్ట బొమ్మ. ఫైర్‌ఫాక్స్‌లో తాళం బొమ్మ నొక్కితే ‘క్లియర్ కుకీస్ అండ్ సైట్ డేటా’ ఉంటుంది. తరువాత ఆ ట్యాబు మూసేసి, చిరునామా కొత్తగా కొట్టి రండి. చాలామంది దీనికి బదులు కంట్రోల్, షిఫ్ట్, డిలీట్ నొక్కి ‘ఆల్ టైమ్’ అని మొత్తం ఊడ్చేస్తారు. ఆ జాబితాలో పాస్‌వర్డ్‌ల దగ్గర టిక్కు ఉంటే, దాచుకున్న పాస్‌వర్డ్‌లన్నీ దానితోపాటే పోతాయి. ఒక్క సైటు జలుబుకు ఇల్లంతా కడగాల్సిన పని లేదు.

ఒడియా పేజీ చదవలేక క్రోమ్ అనువాదం పెట్టుకునేవాళ్లు ఇక్కడ చాలామంది. ఒడియా 2020 ఫిబ్రవరిలో గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో చేరింది, అప్పటినుంచి అది ఇటు తెలుగువాళ్లకు పెద్ద ఆసరా. చదవడానికి పెట్టుకోండి, ఫారం నింపేటప్పుడు, లాగిన్ అయ్యేటప్పుడు తీసేయండి. అనువాదం చేసేటప్పుడు బ్రౌజర్ పేజీ లోపలి అక్షరాలను తానే మార్చేస్తుంది. కొత్త తరహా సైట్లకు అది పడదు. బటన్ నొక్కితే చలనం ఉండదు, పేజీ తెల్లబోతుంది. అనువాద పట్టీలో ‘షో ఒరిజినల్’ నొక్కి, పేజీ మళ్లీ లోడ్ చేసి అప్పుడు నింపండి.

గడియారం తప్పితే

‘యువర్ కనెక్షన్ ఈజ్ నాట్ ప్రైవేట్’, ‘యువర్ క్లాక్ ఈజ్ బిహైండ్’ అని వచ్చి ఒకేసారి అన్ని సైట్లూ తెరుచుకోకపోతే ఇంకేమీ చూడకండి, తేదీ చూడండి. ప్రతి సైటు సర్టిఫికెట్‌కు మొదలు, గడువు తేదీలుంటాయి. కంప్యూటర్ తాను 2015లో ఉన్నాననుకుంటే నిన్న ఇచ్చిన సర్టిఫికెట్ దానికి దొంగదిలా కనబడుతుంది.

కరెంటు తరచూ పోయే ఊళ్లలో పాత డెస్క్‌టాప్‌లకు ఇది ప్రతి వానాకాలం వచ్చే జబ్బు. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది, పేరు సీఆర్ 2032. అది చచ్చిపోతే కరెంటు పోయిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంది. రోజూ తేదీ దిద్దుకునేకంటే బిళ్ల మార్చడం మేలు. కంప్యూటర్ ఆపి, ప్లగ్గు పూర్తిగా పీకి, పక్క రేకు తీయండి. బిళ్లను పట్టి ఉంచే చిన్న ఇనుప నాలుకను పక్కకు నొక్కితే అది పైకి లేస్తుంది. కొత్తదాన్ని ప్లస్ గుర్తు పైకి ఉండేలా పెట్టి నొక్కండి. గడియారాలు బాగుచేసే షాపులో దొరుకుతుంది. తరువాత విండోస్‌లో ‘డేట్ అండ్ టైమ్’కు వెళ్లి టైమ్ జోన్ చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ అని ఉన్న 5:30కు పెట్టి, ‘సింక్ నౌ’ నొక్కండి.

ఆథెంటికేటర్ యాప్ కోడ్ వాడేవాళ్లకు ఫోన్ గడియారం ఇంకా ముఖ్యం. ఆ ఆరంకెల కోడ్ 30 సెకన్లకు ఒకసారి మారేది గడియారం చూసుకునే. ఫోన్ రెండు నిమిషాలు ముందుంటే మీరు కొట్టే ప్రతి కోడూ తప్పే అవుతుంది.

కనబడని తప్పులు కీబోర్డులో ఉంటాయి

పాస్‌వర్డ్ పెట్టెలో చుక్కలే కనబడతాయి కాబట్టి ఏం పడుతోందో తెలియదు. పెట్టె చివర కన్ను బొమ్మ ఉంటే, పక్కన ఎవరూ లేనప్పుడు నొక్కి చూడండి. ఫోన్‌లో మొదటి అక్షరం దానంతటదే పెద్దదవుతుంది. సూచనల్లోంచి యూజర్ పేరు ఎంచుకుంటే చివర ఒక ఖాళీ చేరుతుంది, కొన్ని సైట్లు ఆ ఖాళీని కూడా పేరులో భాగమనుకుంటాయి. వాట్సాప్‌లో వచ్చిన పాస్‌వర్డ్‌ను కాపీ చేస్తే ముందో వెనకో ఖాళీ అంటుకుని వస్తుంది.

మన దగ్గర ప్రత్యేకంగా వచ్చేది అంకెల గొడవ. ఫోన్‌లో ఒడియా కీబోర్డు ఉండగా అంకెలు కొడితే ఒడియా అంకెలు పడవచ్చు. చూడ్డానికి మీరు కొట్టింది సరిగ్గానే ఉంటుంది, సైటుకు మాత్రం అవి అంకెలే కావు. ‘ఇన్‌వ్యాలిడ్ మొబైల్ నంబర్’ అంటుంది. స్పేస్ బార్ మీదో గ్లోబు బొమ్మ మీదో నొక్కిపట్టి ఇంగ్లీషుకు మార్చండి. కంప్యూటర్‌లో విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది. డీటీపీ కూడా చేసే షాపుల్లో అనూ, ఆకృతి లాంటి టైపింగ్ సాఫ్ట్‌వేర్ వెనకాల ఆన్‌లో ఉండిపోతుంది. అప్పుడు ఎ కొడితే ఎ పడదు. నోట్‌ప్యాడ్‌లో నాలుగు ఇంగ్లీషు అక్షరాలు కొట్టి చూస్తే చాలు, అక్కడే బయటపడుతుంది.

క్యాప్చా సరిగ్గా కొట్టినా తప్పంటే పేజీ పాతబడిందని అర్థం. పేజీ తెరిచి, కాగితాలు వెతుక్కుని, పది నిమిషాల తరువాత నింపితే ఆ క్యాప్చా ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది. అన్నీ దగ్గర పెట్టుకుని, పేజీ మళ్లీ లోడ్ చేసి మొదలుపెట్టండి. సున్నానో ఓ అక్షరమో తేలకపోతే ఊహించకండి, పక్కనున్న గుండ్రటి బాణం నొక్కి కొత్తది తెచ్చుకోండి.

పాస్‌వర్డ్ ఈమధ్య మార్చారా? నెట్ సెంటర్లో మార్చి ఇంటికొస్తే ఫోన్ బ్రౌజర్ మాత్రం పాతదాన్నే ఆటోఫిల్ చేస్తూ ఉంటుంది. మీరు లాగిన్ నొక్కడం, అది తప్పనడం, మళ్లీ నొక్కడం, చివరికి ఖాతా లాక్ అవడం. క్రోమ్ సెట్టింగుల్లో పాస్‌వర్డ్ మేనేజర్‌కు వెళ్లి ఆ సైటు పాతదాన్ని తీసేయండి.

ఓటీపీ రాకపోతే

ముందు ఏ నంబరుకు వెళ్తోందో తెలుసుకోండి. ఇంట్లో ఒడిశా సిమ్ ఒకటి, ఆంధ్రా సిమ్ ఒకటి ఉన్నప్పుడు ఆధార్‌కు ఏది ముడిపడిందో చాలామందికి గుర్తుండదు. మైఆధార్ సైటులో లాగిన్ లేకుండానే ‘చెక్ ఆధార్ వాలిడిటీ’ అని ఉంటుంది. ఆధార్ నంబరు, క్యాప్చా ఇస్తే మొబైల్ నంబరు చివరి మూడంకెలు చూపిస్తుంది. దాంతో సగం గొడవ తీరుతుంది. ఆ చోట ఏ అంకెలూ లేకపోతే అసలు ఏ నంబరూ ముడిపడలేదన్నమాట. అది ఆన్‌లైన్లో అయ్యే పని కాదు, ఆధార్ కేంద్రానికి వెళ్లాలి. సందేహాలకు 1947.

నంబరు సరైనదే అయితే రీఛార్జి గడువు చూడండి. గడువు దాటాక కొన్నాళ్లకు వచ్చే మెసేజీలు కూడా ఆగిపోతాయి. తరువాత మెసేజీల యాప్‌లో ‘స్పామ్ అండ్ బ్లాక్డ్’ చూడండి. సరిహద్దు ఊళ్లలో ఇంకో సంగతి ఉంది. పర్లాకిమిడిలో మహేంద్రతనయ ఒడ్డున నిలబడితే ఫోన్ ఒకసారి ఒడిశా టవర్‌ను, ఒకసారి ఆంధ్రా టవర్‌ను పట్టుకోవచ్చు. కొన్ని ఫోన్లలో సిగ్నల్ గీతల పక్కన ఆర్ అక్షరం కనబడుతుంది, అప్పుడు డేటా రోమింగ్ ఆపి ఉంటే నెట్ ఆగుతుంది. ‘డేటా రోమింగ్’ ఆన్ చెయ్యండి. ఓటీపీ రాకపోతే ఏరోప్లేన్ మోడ్ 30 సెకన్లు పెట్టి తీయండి, ఫోన్ కొత్తగా టవర్ వెతుక్కుంటుంది.

‘రీసెండ్’ వరసగా నొక్కకండి. మామూలుగా ఆఖరున పంపిన ఓటీపీ ఒక్కటే చెల్లుతుంది. మూడుసార్లు నొక్కితే మూడు మెసేజీలు ఆలస్యంగా, ముందువెనకలుగా వస్తాయి. మీరు కొట్టింది పాతదైతే తప్పంటుంది. ఒకసారి నొక్కి రెండు నిమిషాలు ఆగండి.

2 జీబీ ర్యామ్ ఫోన్లలో జరిగేది ఇంకా బాధ. ఓటీపీ చూద్దామని మెసేజీల యాప్ తెరుస్తారు, తిరిగి బ్రౌజర్‌కు వచ్చేసరికి పేజీ మొదటినుంచి లోడ్ అవుతుంది. ఓటీపీ అడిగిన పెట్టే మాయం. ఫోన్‌లో చోటు చాలక వెనకాల ఉన్న ట్యాబును ఆండ్రాయిడ్ చంపేసింది. మొదలుపెట్టేముందు మిగతా యాప్‌లన్నీ మూసేయండి. బ్రౌజర్ వదలకుండా, పైనుంచి నోటిఫికేషన్ పట్టీని సగం కిందికి లాగి అక్కడే ఆరంకెలూ చదువుకుని, పట్టీ పైకి తోసి కొట్టేయండి. సిమ్‌ను ఇంట్లో ఉన్న మామూలు కీప్యాడ్ ఫోన్‌లో వేసి, ఓటీపీ అందులో చూసుకోవడం ఇంకా హాయి.

గంజాం నుంచి సూరత్ మిల్లులకు వెళ్లి తిరిగొచ్చినవాళ్లకు పీఎఫ్ దగ్గర పడేది వేరే చిక్కు. యూఏఎన్‌కు (పీఎఫ్ సభ్యుడి నంబరు) అక్కడి పాత సిమ్ ముడిపడి ఉంటుంది, ఆ సిమ్ ఎప్పుడో పోయింది. పీఎఫ్ సభ్యుల సైటులో ‘ఫర్‌గాట్ పాస్‌వర్డ్’ నొక్కి యూఏఎన్ ఇస్తే, ఆ పాత నంబరుకు ఓటీపీ పంపమంటారా అని అడుగుతుంది. అక్కడ ‘నో’ ఎంచుకోవాలి. అప్పుడు పేరు, పుట్టిన తేదీ, ఆడా మగా, ఆధార్ సరిచూసుకుని కొత్త నంబరు తీసుకుంటుంది. ఆపేసిన నంబరును కంపెనీలు కనీసం 90 రోజుల తరువాత ఇంకొకరికి ఇచ్చేయవచ్చు. మీ పాత నంబరు ఇవాళ ఎవరి జేబులో ఉందో తెలియదు కాబట్టి ఈ పని వాయిదా వెయ్యకండి.

బిజయ్, విజయ్ ఒకరే, కంప్యూటర్‌కు కాదు

ఒడియా రాతలో మన వ సాధారణంగా బ అవుతుంది. విజయ్ బిజయ్, వేణు బేణు, శ్రీనివాస్ శ్రీనిబాస్. ఆధార్ నమోదు రోజున ఆపరేటర్ ఒడియాలో విన్నట్టు రాస్తే ఇంగ్లీషులోనూ వి బదులు బి పడుతుంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో వి, ఆధార్‌లో బి. ఇక పేరు సరిచూసే ప్రతి చోటా ఆగిపోతుంది: డిజిలాకర్‌లో మార్కుల జాబితా తెచ్చుకునేటప్పుడు, ఐఆర్‌సీటీసీ ఖాతాకు ఆధార్ కలిపేటప్పుడు. 2025 జులై 1 నుంచి ఆధార్ సరిచూసిన ఖాతాకే ఆన్‌లైన్ తత్కాల్ దొరుకుతోంది కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

ఈ-ఆధార్ పీడీఎఫ్ తెరుచుకోని గొడవ కూడా దీనివల్లే. దాని పాస్‌వర్డ్ పేరులోని మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు క్యాపిటల్స్‌లో, తరువాత పుట్టిన సంవత్సరం. 1998లో పుట్టిన విజయ్ కుమార్ వి-ఐ-జె-ఎ-1998 అని ఎన్నిసార్లు కొట్టినా తెరుచుకోదు. కార్డు మీద బిజయ్ అని ఉంటే బి-ఐ-జె-ఎ-1998 కొట్టాలి. మీరు మీ పేరు ఎలా రాసుకుంటారన్నది కాదు, కార్డు మీద ఇంగ్లీషులో ఎలా ఉందన్నదే లెక్క. ఇంటిపేరు ముందుంటే ఇంటిపేరు అక్షరాలే వస్తాయి. ఇంటిపేరు పొడి అక్షరంగా ఉండి పక్కన చుక్క ఉంటే ఆ చుక్క కూడా నాలుగింటిలో ఒకటి. పదాల మధ్య ఖాళీ మాత్రం లెక్కలోకి రాదు.

ఆధార్‌లో పేరు దిద్దుకునే అవకాశం జీవితంలో రెండుసార్లే. తొందరపడి ఒక సైటు కోసం మార్చకండి. పదో తరగతి సర్టిఫికెట్, పాన్, బ్యాంకు పుస్తకం మూడూ ఎదురుగా పెట్టుకుని చూడండి. సర్టిఫికెట్‌లో ఉన్న స్పెల్లింగ్‌కే ఆధార్‌ను తెచ్చుకోవడం మంచిదని మా అభిప్రాయం, ఎందుకంటే ఆ నాలుగింటిలో మార్చడానికి అన్నిటికంటే కష్టమైనది అదే.

బ్యాంకు చిరునామా మారింది

రిజర్వు బ్యాంకు ఆదేశంతో 2025 అక్టోబరు 31 నాటికి బ్యాంకులు తమ సైట్లను డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అనే ముగింపుకు మార్చాల్సి వచ్చింది. అందుకే దాచుకున్న పాస్‌వర్డ్ ఇప్పుడు కొన్ని బ్యాంకుల దగ్గర దానంతటది పడదు. బ్రౌజర్ పాస్‌వర్డ్‌ను చిరునామాకు ముడివేసి దాస్తుంది, చిరునామా మారితే అది ఆగుతుంది. చిరునామా డాట్ బ్యాంక్ డాట్ ఇన్‌తో ముగుస్తోందని అక్షరం అక్షరం చూసుకుని, ఒకసారి చేత్తో కొట్టి కొత్తగా సేవ్ చేసుకోండి. ఇదే గుణం మిమ్మల్ని కాపాడుతుంది కూడా. రోజూ ఆటోఫిల్ అయ్యే చోట ఇవాళ అవ్వలేదంటే, చేత్తో కొట్టేముందు చిరునామా చదవండి. ప్రభుత్వ సైటైతే మామూలుగా డాట్ గవ్ డాట్ ఇన్‌తోనో డాట్ నిక్ డాట్ ఇన్‌తోనో ముగుస్తుంది. గూగుల్‌లో వెతికి మొదట కనబడిన ‘కస్టమర్ కేర్’ నంబరుకు ఫోన్ చెయ్యకండి. లాగిన్ ఇబ్బందిలో ఉన్నవాళ్ల కోసమే దొంగలు అక్కడ కాచుకుని ఉంటారు. డబ్బు పోతే ఆలస్యం చెయ్యకుండా 1930కి చెప్పండి.

నెట్ సెంటర్లో లాగిన్ అయితే

జనసేవా కేంద్రంలోనో జెరాక్స్ షాపులోనో కూర్చున్నప్పుడు క్రోమ్ పైన కుడివైపు గుండ్రటి బొమ్మ నొక్కి ‘గెస్ట్’ కిటికీ అడగండి. అది మూసేయగానే కుకీలు, చరిత్ర పోతాయి. షాపు అతని గూగుల్ ఖాతాలోకి మీ పాస్‌వర్డ్ చేరే దారి ఉండదు. మామూలు కిటికీలో చెయ్యాల్సి వస్తే ‘సేవ్ పాస్‌వర్డ్’ అడిగినప్పుడు ‘నెవర్’ నొక్కండి. గెస్ట్‌లో చేసినా డౌన్‌లోడ్ చేసిన ఫైళ్లు మాత్రం కంప్యూటర్‌లోనే ఉంటాయి. ప్రింటు తీశాక డౌన్‌లోడ్స్ ఫోల్డర్లో మీ ఆధార్, మార్కుల జాబితా ఎంచుకుని షిఫ్ట్, డిలీట్ కలిపి నొక్కితే రీసైకిల్ బిన్‌లోకి కూడా వెళ్లకుండా పోతాయి. ప్రింటు కోసం షాపు వాట్సాప్‌కు పంపి ఉంటే, అక్కడ కూడా ‘డిలీట్ ఫర్ ఎవ్రీవన్’ చేసి, సైటులో లాగౌట్ నొక్కి, ఆ తరువాతే కుర్చీలోంచి లేవండి.